అడుగులు వినపడే చోట

"తీశావా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు."

"తీశాను మామయ్యా."

ఎలిసేయో బరగాన్ చేతిలో గరిటె పులుసులోకి జారిపోయింది. భార్య ఒఫేలియా చర్చిలో పూజ నుంచి తిరిగొచ్చేసరికి వేడివేడిగా ఉండాలని తెల్లవారుతూనే పొయ్యి మీదికెక్కించిన మెనూదో అనే పేగుల పులుసు అది. పేగులు మెత్తబడే దాకా దగ్గరుండి కలపాలి. ఇప్పుడు దాని మొహం చూసేవాళ్ళు లేరు.

శుక్రవారం స్టూడియో నుంచి ఫోను వచ్చింది మొదలు, ఆ ఇంట్లో మనిషి మొహం మనిషి చూడడం లేదు. కబురు తెలిసి కూతురు నొయెమి, అల్లుడు కర్టిస్ సన్నీవేల్ నుంచి పూటంతా కారు నడుపుకుంటూ బర్బాంక్ వచ్చి పడ్డారు. కబురు చిన్నదే. ఎలిసేయో పనిచేసిన, ఇంకా థియేటర్లలో ఆడుతున్న 'ఉప్పు సరస్సు' సినిమా ఇంటర్నెట్టులో ఊరేగుతోంది. అవార్డులకి ఓటు వేసేవాళ్ళకి ముందుగా ఇళ్ళకి డిస్కులు పంపుతారు కదా, ఒక్కో డిస్కులో ఒక్కో మనిషి గుర్తు కంటికి కనపడకుండా దాచి పంపుతారు. దొరికిన కాపీలో ఉన్న గుర్తు ఎలిసేయోది.

"నా బీరువాలోంచి, నా మేజోళ్ళ కిందనుంచి తీశావు. కనీసం తలొంచుకునైనా నిలబడవేం?"

"వంచానండీ. ఇంత పొడుగున్నవాణ్ణి, ఎంత వంచినా మీకు ఎత్తుగానే కనిపిస్తాను."

"వెటకారమా?"

"నాన్నా, అసలేం జరిగిందంటే..." అంటూ నొయెమి ముందుకొచ్చింది.

"నువ్వాగు," అన్నాడు కర్టిస్. గట్టిగా కాదు, బతిమాలినట్టు. నొయెమి ఆగిపోయింది. ఆ బతిమాలడం ఎందుకో ఎలిసేయోకి అర్థం కాలేదు. అర్థం కానిదల్లా ఆయనకి కోపమే తెప్పిస్తుంది.

"ఎల్లుండి వాషింగ్టన్‌లో సెనేటర్ల ముందు కూర్చుని నేనేం చెప్పాలిరా? అమ్మే ప్రతి టీవీకీ, ప్రతి కంప్యూటరుకీ కాపీ తియ్యనివ్వని తాళం లోపలే బిగించాలి అని చట్టం చెయ్యండయ్యా, తాళం లేక మా నోటికాడ కూడు పోతోందయ్యా అని చెప్పాలి. ఆ తాళం పగలగొట్టినవాడు మా ఇంటల్లుడేనని కూడా చెప్పమంటావా?"

"చెప్పండి. మా కంపెనీ వాళ్ళూ అదే బల్లకి అటు చివర కూర్చుంటారు. వింటారు."

"మీ కంపెనీ! కథ మాది, పాట మాది, ఏడుపు మాది, వాటిని రికార్డు చేసి పట్టుకునే పెట్టె మీది. పెట్టెలమ్మి మీరు మేడలు కట్టుకుంటారు."

"మేడా! గరాజ్ మీద గదండీ మాది. మీరొచ్చినప్పుడు నేను కాళ్ళు గుమ్మం బయట పెట్టుకుని పడుకోలా?"

నొయెమికి నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి మింగేసింది.

"సరే మామయ్యా, ఒకటి చెప్పండి. మీ బూట్లు మీరు కొని ఇంటికి తెచ్చి, మడమలు ఊడబీకి, వేరే తోలు ఎందుకు కొట్టిస్తారు?"

"మోత బాగా రావాలని."

"బూటు చేసిన కంపెనీని అడిగారా?"

"నా బూటు, నా ఇష్టం. వాడినెందుకడగాలి?"

కర్టిస్ చిన్నగా తల ఊపాడు. ఆ ఊపడమే అసలు పోటు. ఎలిసేయో పొయ్యి వైపు తిరిగాడు.

ఆయన పని అడుగులేయడం. తెర మీద నటుడు నడుస్తుంటే, ఈయన చీకటి గదిలో ఆ బొమ్మనే చూస్తూ, ఇసుక పోసిన గుంటలోనో చెక్కల మీదో అదే నడక నడుస్తాడు. మనం సినిమాలో వినేది ఆ మోత. హీరోయిన్ మొహం ఆవిడది, మడమలు నావి అని పెళ్ళిళ్ళలో చెప్పి నవ్విస్తుంటాడు. స్టూడియో యజమానులు వెళ్ళి మా డబ్బు పోయిందని ఏడిస్తే సెనేటర్లకి నవ్వొస్తుంది. అందుకని పనివాణ్ణి పట్టుకుని, నువ్వెళ్ళి ఏడువు అన్నారు. ఆయనకి ఏడవడానికి కారణం ఉంది కూడా. సంతల్లో దొంగ డిస్కులు కుప్పలు పోసి అమ్ముతుంటే సినిమాలు తగ్గుతాయి. పని తగ్గితే యూనియన్ ఇచ్చే ఆస్పత్రి కార్డు పోతుంది. కార్డు పోతే ఒఫేలియా మందులు పోతాయి. కళ్ళయితే ఎటూ పోయాయి. మిగిలింది కంటి లోపలి పోటు, దానికి రోజూ చుక్కలు వేస్తుండాలి.

"నువ్వు తీసింది సినిమా కాదురా. మీ అత్తయ్య మందు సీసా."

కర్టిస్ మొహం పాలిపోయింది. నొయెమి భర్త చెయ్యి పట్టుకుంది. అప్పుడే గుమ్మం గంట మోగింది.

*

స్టూడియో లాయరు విట్‌కోంబ్ పూలు తెచ్చింది. పూలు తెచ్చే లాయరంటే ఎలిసేయోకి భయం. కేకలేసేవాళ్ళతో మనమూ కేకలెయ్యొచ్చు, పూలతో ఏం చేస్తాం? తీసుకుని నీళ్ళలో పెట్టాలి.

"బరగాన్ గారూ, మీరంటే మా అందరికీ ఎంత గౌరవమో మీకు తెలుసు," అంటూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కంప్యూటరు తెరిచింది. "ఆ కాపీ తెచ్చాను. ఇందులో ఒక వింత ఉంది. మా వాళ్ళెవరికీ అంతుపట్టలేదు. మీ చెవి గొప్పది కదా, వినండి."

నొయెమి కాఫీ పోస్తోంది. సినిమా మొదలైంది. గాలి హోరు, ఎక్కడో ట్రక్కు ఇంజను. వాటి మీద నిదానంగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఒక ఆడగొంతు వచ్చింది.

'తెల్లగా ఉంది, ఎటు చూసినా. నేలా ఆకాశమూ ఒకటే రంగు. ట్రక్కు దిగిన అమ్మాయి నల్లకోటు వేసుకుంది. చేతిలో గొడుగు ఉంది గానీ తెరవలేదు. వెనక్కి చూసింది. పిలుస్తారేమోనని చూస్తోంది...'

కాఫీ కప్పు నిండి సాసర్లోకి పొంగింది. నొయెమి చూసుకోలేదు.

ఎలిసేయోకి మొదటి మాటకే తెలిసిపోయింది. పన్ను ఊడినప్పుడు ఎట్లా మాట్లాడిందో, జ్వరం వచ్చినప్పుడు ఎట్లా మాట్లాడిందో తెలిసిన తండ్రికి ఆ గొంతు తెలియదా! కూతురి వైపు చూడబోయి, లాయరు కళ్ళు తన మీదే ఉన్నాయని పూల వైపు చూశాడు.

"దొంగల ముఠాల్లో ఒక్కోళ్ళదీ ఒక్కో పిచ్చి," అంది విట్‌కోంబ్. "ఈ గొంతు వాళ్ళ ముద్ర అనుకుంటున్నాం. ఎవరిదో తేలిందంటే సగం పని అయిపోయినట్టే." అని కప్పు అందుకుంటూ నొయెమిని చూసి నవ్వింది. "మీ అమ్మాయా? చాలా బాగుంది. ఏం చేస్తుంటావమ్మా?"

నొయెమి నోరు తెరిచి, మూసింది. చేత్తో గొంతు చూపించింది.

"గొంతు పట్టేసిందండీ," అన్నాడు కర్టిస్. "రెండ్రోజుల్నుంచి మాట రావడం లేదు."

"అయ్యో, నిమ్మరసంలో తేనె కలుపుకుని తాగు."

నొయెమి బుద్ధిగా తల ఊపింది. తాను నేర్పిన బుద్ధి అది కాదు గానీ, ఎలిసేయోకి ఆ క్షణంలో కూతురి మీద జాలేసింది.

సినిమాలో అమ్మాయి నడవడం మొదలుపెట్టింది. ఉప్పు పెళ్ళలు కాళ్ళ కింద నలిగాయి. కర్ర్... కర్ర్. ఒక కాలు గట్టిగా, ఒక కాలు ఈడుస్తూ. గొంతు ఆగిపోయింది. నడక ఆగాక మళ్ళీ మొదలైంది. 'గొడుగు తెరిచింది. గాలికి అది వెనక్కి తిరగబడింది...' మళ్ళీ నడక. మళ్ళీ గొంతు లేదు.

"అదే వింత," అంది లాయరు. "చెబుతూ చెబుతూ చటుక్కున ఆగిపోతుంది. ఎందుకో మీకేమన్నా తోస్తోందా?"

ఆగిన ప్రతిచోటా వినపడుతున్నవి తన కాళ్ళు. స్టూడియో గుంటలో బస్తాల కొద్దీ రాతి ఉప్పు పోయించుకుని తొక్కిన కాళ్ళు. ఎలిసేయో బల్ల అంచు పట్టుకున్నాడు.

"తోచడం లేదు," అన్నాడు.

విట్‌కోంబ్ సినిమా ఆపి, కుర్చీ కొంచెం కర్టిస్ వైపు జరుపుకుంది.

"మీరెక్కడ పని చేస్తారన్నారు?"

"ఎక్కడా అనలేదండీ. సన్నీవేల్లో. టీవీ కార్యక్రమాలు రికార్డు చేసే పెట్టెల కంపెనీలో."

"ఓహో."

ఆ ఓహోలో ఏముందో అక్కడున్న అందరికీ తెలిసింది. తాళం చట్టాన్ని అడ్డుకుంటున్న కంపెనీల్లో అదొకటి. దాని ఇంజినీరు సొంత మామగారి బీరువాలోంచి డిస్కు కాజేశాడంటే, ఇక సెనేటర్ల ముందు ఎవరూ ఏమీ వాదించక్కర్లేదు. పేపర్లో అతని ఫోటో ఒక్కటి చాలు.

"చూడండి బరగాన్ గారూ," అంది విట్‌కోంబ్, గొంతు ఇంకా మెత్తగా చేసి. "మీ తప్పేమీ లేదని నాకు తెలుసు. ఎవరు తీశారో ఒక్క పేరు చెప్పండి. మీ ఓటు, మీ పని, మీ యూనియన్ కార్డు, ఏదీ చెక్కుచెదరదు. ఎల్లుండి విమానం ఎక్కుతారు. చెప్పకపోతే మాత్రం గుర్తు మీది గనక, అన్నీ మీ మీదికే వస్తాయి."

ఎలిసేయో నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం వచ్చేదో ఆయనకే తెలియదు.

"నేనేనండీ," అన్నాడు కర్టిస్. "రాసుకోండి. కర్టిస్ హాల్‌బర్గ్. పెట్టెల కోసం పరీక్ష చెయ్యడానికి..."

"అబద్ధం!" నొయెమి అరిచింది. "ఆయన దేనికీ పరీక్ష చెయ్యలేదు! వాళ్ళకి కావలసింది ఎందుకిస్తావు నువ్వు?"

లాయరు నెమ్మదిగా తల తిప్పింది. ఆవిడకి గొప్ప చెవి అక్కర్లేదు. ఇప్పటిదాకా విన్నది ఆ గొంతే.

"తేనె లేకుండానే తగ్గిందే," అంది.

*

"మాడుతోంది. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ ముక్కు లేదా?"

పెరటి తలుపు దగ్గర ఒఫేలియా నిలబడి ఉంది. చర్చి నుంచి దింపిన పక్కింటావిడ కారు వెళ్ళిపోతున్న చప్పుడు. ఒక చేతిలో తెల్లకర్ర, మరో చేతిలో తీపి రొట్టెల సంచి. సరాసరి వచ్చి, చెయ్యి తడుముకోకుండా పొయ్యి ఆర్పేసింది.

"ముసలాయనా, ఎవరో కొత్త మనిషున్నారు. అత్తరు ఖరీదైనది. నొయెమి ఎందుకరిచింది?"

విట్‌కోంబ్ లేచి తానెవరో చెప్పింది. ఆవిడకి మర్యాద బాగా తెలుసు. జరిగింది కూడా మర్యాదగానే చెప్పింది.

ఒఫేలియా రొట్టెల సంచి బల్ల మీద పెట్టి కూర్చుంది.

"అమ్మా, ఆ గొంతు నా కూతురిదే, తెర మీద కనపడేదంతా నాకోసం మాటల్లో చెప్పింది. కాపీ తీసింది అల్లుడే. తియ్యమన్నది నేను. పంచింది కూడా నేనే."

"అత్తయ్యా!"

"నువ్వూరుకో నాయనా. నిన్నటి నుంచీ నా బదులు తిట్లు తింటున్నావు, కడుపు నిండలేదూ?" అని ఆవిడ లాయరు వైపు తిరిగింది. "బుధవారాలు చర్చి హాల్లో మేం చూపులేనివాళ్ళం కలుస్తాం. ఒకరి దగ్గర పాటలుంటే తెస్తారు, ఒకరి దగ్గర కబుర్లుంటే తెస్తారు. నేనిది పట్టుకెళ్ళాను. అందరూ ఏడ్చారు, నవ్వారు. ఎన్నాళ్ళయిందో మేం సినిమా చూసి! మా కార్యదర్శి మంచి మనిషి. టూసాన్‌ ఊళ్ళో ఉన్న మావాళ్ళు కూడా వినాలని ఇంటర్నెట్టులో పెట్టింది. అది ఇంతదూరం పోతుందని పాపం ఆవిడకేం తెలుసు, నాకేం తెలుసు."

ఎలిసేయో భార్య ఎదుట నిలబడ్డాడు. కోపం ఎటు పోయిందో తెలియలేదు. వెతికినా దొరకలేదు.

"నన్నడగొచ్చుగా, ముసలీ."

"అడిగాను. గుర్తులేదూ? చూపు పోయిన కొత్తలో, టీవీ పెట్టి ఏమవుతోందో చెప్పమన్నాను. 'ఒక మనిషి వచ్చాడు' అన్నావు. తరవాత లేచెళ్ళిపోయావు. ఇక ఆ టీవీ నువ్వు పెట్టలేదు. నాకు పోయింది కళ్ళయితే, నువ్వు ఇల్లంతా మూగది చేశావు."

"నువ్వు బాధపడతావని..."

"నేనా, నువ్వా?"

ఆవిడ చెయ్యి చాచింది. ఆయన తన చెయ్యి ఇచ్చాడు.

"నడక దగ్గర మాట ఆపేసిందేం, పిల్ల?" అన్నాడు. ఇంతమంది ముందు అడగాల్సిన ప్రశ్న కాదది. అయినా అది తెలియకుండా ఇంకో క్షణం ఆగలేకపోయాడు.

"నేనే ఆపమన్నాను. కోటు రంగు చెప్పు, ఆకాశం చెప్పు, మొహం చెప్పు, మీ నాన్న నడిచే చోట మాత్రం నోరు మూసుకో అన్నాను." ఒఫేలియా ఆయన వేళ్ళు నిమిరింది. "ఆ అమ్మాయి అలిసిపోయిందని నాకొకరు చెప్పాలా? నువ్వా రోజుల్లో ఎడమ మోకాలు నొప్పని తైలం రాయించుకుని పనికెళ్ళేవాడివి. ఆ కాలే ఈడ్చావు. అందరూ హీరోయిన్ ఎంత బాగా నడిచిందో అనుకున్నారు. నేను మాత్రం రాత్రికి తైలం వెచ్చబెట్టాలి అనుకున్నాను."

నొయెమి గోడ వైపు తిరిగింది. కర్టిస్ ఆ పొడుగాటి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, రొట్టెల సంచి విప్పి, మళ్ళీ కట్టాడు.

విట్‌కోంబ్ కళ్ళు తుడుచుకుంది. నిజంగానే తుడుచుకుంది, నటన కాదు. కానీ జీతానికి పనిచేసేవాళ్ళ కన్నీళ్ళు కూడా కాసేపటికి జీతం ఇచ్చేవాడి పనికే వస్తాయి.

"బరగాన్ గారూ, ఇదే. సరిగ్గా ఇదే చెప్పాలి మీరు అక్కడ," అంది.

"ఏది?"

"ఈ ఇంట్లో దొంగలెవరూ లేరు. ప్రేమ ఉంది. ప్రేమతో ఒక్క కాపీ తీస్తే అది లోకం మీద పడింది. మంచివాళ్ళ చేతులైనా జారతాయి, అందుకే పెట్టెలోనే తాళం ఉండాలి. మీరీ మాట చెబితే ఆ గదిలో కన్ను తడవనివాడు ఉండడు. చట్టం గట్టెక్కుతుంది. మీ అల్లుడికి, అమ్మాయికి, ఈవిడకి ఎవరికీ ఏ నోటీసూ రాదు. నాది పూచీ."

"మా కంపెనీ కూడా ఇదే కథ అడిగింది," అన్నాడు కర్టిస్, నేల చూస్తూ. "అత్తయ్య సంగతి నోరుజారి ఒకసారి చెప్పాను. చూపులేని తల్లి కోసం తాళం తీస్తే నేరమా అని అక్కడ అడుగు, చట్టం చిత్తవుతుంది అన్నారు. అత్తయ్యని బల్ల మీద పెట్టి చూపించను అన్నాను. అప్పటినుంచీ వాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు."

ఎలిసేయో అల్లుణ్ణి చూశాడు. ఆ పొడుగు మనిషిని మొదటిసారి తల ఎత్తి చూశాడు.

"నేను చెప్పనంటే?" అన్నాడు లాయరుతో.

"ఇందాక ఒక్క పేరు అడిగాను. ఇప్పుడు నా దగ్గర మూడున్నాయి."

"చెబితే, ఆ కాపీలేమవుతాయి? బుధవారం వాళ్ళవి?"

"అన్నీ చెరిపేస్తాం. తప్పదు."

"ఇకముందు?"

"ఇకముందు తియ్యడానికే వీలుండదు కదండీ. దానికే కదా తాళం."

ఒఫేలియా వేళ్ళు ఆయన చేతిలో ఒకసారి బిగిసి, వదులయ్యాయి. ఆవిడే ముందు మాట్లాడింది.

"ఒప్పుకో ముసలాయనా. పిల్లల మీదికి రానీకు. నేను విన్నాను, చాలు. ఆ నడక నాకు కంఠతా వచ్చు."

విట్‌కోంబ్ సంచిలోంచి కలం తీసి బల్ల మీద పెట్టింది. ఎలిసేయో దాని వంక చూడలేదు. ఒఫేలియా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన మోకాలు ఆవిడ మోకాలికి తగిలింది.

"నేనింకా వినలేదు," అన్నాడు.

"ఏమిటండీ?"

"మా అమ్మాయి చెప్పింది. మొదటినుంచీ పెట్టండి."

"బరగాన్ గారూ, రెండు గంటల సినిమా అది! నాకు సాయంత్రంలోగా మీ మాట కావాలి. పైగా ఇది... నేను ఇక్కడ ఇలా వెయ్యడం..." విట్‌కోంబ్ మాట పూర్తి చెయ్యలేదు. ఆ కాపీని ఎక్కడా ఎవరికీ వేసి వినిపించరాదన్న ఉత్తరువు రాసింది ఆవిడే. ఇందాక వేసింది విచారణ కోసం. ఇప్పుడు వేస్తే దేనికోసం?

"విన్నాకే చెబుతాను. ఏం చెబుతానో నాకే తెలియదు. మీరూ కూర్చోండి."

కర్టిస్ గిన్నెలోంచి మాడని పైపులుసు నాలుగు గిన్నెల్లోకి తోడాడు. కొంచెం ఆలోచించి ఐదో గిన్నె తీశాడు. నొయెమి దాన్ని లాయరు ముందు పెట్టింది.

విట్‌కోంబ్ వేలు కంప్యూటరు మీట మీదికి వెళ్ళింది. నొక్కనూ లేదు, వెనక్కి తీసుకోనూ లేదు.

ఒఫేలియా భర్త భుజం వైపు తల వంచి, చెవి కంప్యూటరు వైపు పెట్టి, కదలకుండా కూర్చుంది.